కొత్త పీసీ ఊకె ఆగిపోతుందా? పార్టు మార్చే ముందు ఇవి చూడండి

ఇయ్యాల ఎపిసోడ్ సొంతంగా పార్టులు కొని, ఇంట్లనే కూర్చొని కొత్త కంప్యూటర్ బిగించుకున్నోళ్ల కోసం. బిగించిండ్రు, విండోస్ ఎక్కింది, గేమ్ కూడా ఆడింది. రెండో రోజో మూడో రోజో ఉన్నట్టుండి స్క్రీన్ ఆగిపోయింది. లేదంటే దానంతట అదే రీస్టార్ట్ అయింది. మళ్లీ ఆన్ చేస్తే ఏం కానట్టే నడుస్తది. గంటకోసారి ఆగితే పట్టుకోవచ్చు. ఇదేమో ఒక్కోసారి పది నిమిషాలకు, ఒక్కోసారి రెండు రోజులకు. దీన్నే అందరూ రాండం క్రాష్ అంటరు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు ఉన్నోళ్లకు ఈ సమస్య ఇంకొంచెం బరువు. మనలో చాలామంది పార్టులు కొనేది సికింద్రాబాద్ పార్క్‌లేన్ దగ్గర సీటీసీలోనో, ఆన్‌లైన్‌లోనో. రెండు ఊర్ల నుంచి హైదరాబాద్ అటూ ఇటూగా వంద కిలోమీటర్లు. క్యాబినెట్ ఒళ్లో పెట్టుకొని బస్సులో పోతే ఒక రోజు పాయె, చార్జీలు పాయె. తీరా అక్కడ ఆన్ చేస్తే గంటసేపు బ్రహ్మాండంగా నడుస్తది. "బాగనే ఉంది కదా తమ్మీ" అని తిరిగి పంపిస్తరు. ఇంటికి తెచ్చి పెట్టినంక అదే రాత్రి మళ్లీ క్రాష్. అప్పుడు ఇంట్లోళ్లు ఏమంటరు? "రెడీమేడ్ కొనమంటే వినకపోతివి" అంటరు. నాన్న ఇచ్చిన అరవై, డెబ్బై వేలు నీళ్లల్ల పోసినట్టు అనిపిస్తది.

అందుకే ముందే ఒక మాట. కారణం లేకుండా ఏ క్రాష్ రాదు. కారణం మనకు కనబడే దాకా దాన్ని రాండం అంటున్నం, అంతే. ఆ కారణం ప్రతిసారీ క్యాబినెట్ లోపలనే ఉండాలని లేదు. గోడకున్న సాకెట్‌లో ఉండొచ్చు, పై రేకుల వేడిలో ఉండొచ్చు, బయట బోరు మోటర్‌లో కూడా ఉండొచ్చు. షాపులో నడిచింది, ఇంట్లో ఆగింది అంటే షాపాయన అబద్ధం చెప్పినట్టు కాదు. అది కూడా మనకు ఒక సాక్ష్యమే.

మొదటి పని స్క్రూడ్రైవర్ పట్టుడు కాదు, ఫోన్‌లో ఒక నోట్ తెరుచుడు. క్రాష్ అయిన ప్రతిసారి నాలుగు సంగతులు రాయండి. టైమ్ ఎంత? కంప్యూటర్‌లో ఏం నడుస్తుండె? ఎట్ల ఆగింది? అదే నిమిషంలో ఇంట్లో ఏం జరిగింది, అంటే మోటర్ వేసిండ్రా, కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వచ్చిందా, కూలర్ ఆన్ చేసిండ్రా? ఐదారు సార్లు రాస్తే చాలు, మీకే ఒక వరుస కనబడుతది. ఇంకో నియమం, ఒక్కసారికి ఒక్కటే మార్చాలె. ర్యామ్ మార్చి, డ్రైవర్ మార్చి, బయోస్ మార్చి అన్నీ ఒకే రోజు చేస్తే, ఆగుడు బంద్ అయినా ఎందుకు బంద్ అయిందో తెల్వది. నెలకు మళ్లీ వస్తే మొదటికొస్తరు.

ఇప్పుడు "ఎట్ల ఆగింది" అన్నది ఎందుకు ముఖ్యమో చూద్దాం. ఆగుడు నాలుగు రకాలు.

ఒకటి, టక్కున కరెంటు పోయినట్టు మొత్తం ఆరిపోవుడు, లేదా ఏ మెసేజ్ లేకుండ రీస్టార్ట్ అవుడు. అప్పుడు ముందు పవర్ వైపు చూడాలె. పవర్ సప్లై, కేబుళ్లు, ఇంటి కరెంటు, ఆ తర్వాత వేడి.

రెండు, బ్లూ స్క్రీన్. కొత్త విండోస్ 11లో 2025 నుంచి అది నల్ల స్క్రీన్ అయింది, పని మాత్రం అదే. అక్కడ ఒక కోడ్ పేరు వస్తది. ఇది డ్రైవర్, ర్యామ్, ప్రాసెసర్, స్టోరేజ్, వీటిలో ఏదన్నా కావచ్చు.

మూడు, బొమ్మ గడ్డకట్టినట్టు ఆగిపోవుడు. మౌస్ కదలదు, సౌండ్ ఒక్క తీరుగ గీపెడుతది. ర్యామ్ గానీ, గ్రాఫిక్స్ కార్డు గానీ, ఎస్ఎస్‌డీ గానీ కావచ్చు.

నాలుగు, గేమ్ ఒక్కటే మూసుకొని డెస్క్‌టాప్ కనబడుడు, విండోస్ మాత్రం బాగనే ఉండుడు. అది ఒక్క గేమ్‌లోనే వస్తే గేమ్ తప్పే అయ్యుండొచ్చు. అన్ని గేముల్లో వస్తే హార్డ్‌వేర్‌ను అనుమానించాలె.

విండోస్ కూడా తన డైరీ తాను రాసుకుంటది. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని టైప్ చేస్తే "వ్యూ రిలయబిలిటీ హిస్టరీ" వస్తది. రోజువారీగా ఎర్ర గుర్తులు కనబడుతయి. మీ నోట్‌నూ దీన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంకా లోతుకు పోవాలంటే ఈవెంట్ వ్యూయర్. అందులో "కెర్నల్ పవర్ 41" అని చూడంగనే చాలామంది పవర్ సప్లై కాలిపోయిందని కొత్తది ఆర్డర్ పెడుతరు. ఆగండి. 41 అంటే "పోయినసారి నేను సరిగ్గా షట్‌డౌన్ కాలేదు" అని విండోస్ మళ్లీ లేచినంక చెప్పుకునే మాట మాత్రమే. ఎందుకు కాలేదో అది చెప్పదు. మీరు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపినా అదే 41 వస్తది. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉంటే, బ్లూ స్క్రీన్ వివరం రాసుకునే టైమ్ కూడా విండోస్‌కు దొరకలేదని అర్థం. అదే లాగ్‌లో "వియా లాగర్" పేరుతో ఎర్రర్లు ఉంటే, అది హార్డ్‌వేర్ తనంతట తాను చేసిన ఫిర్యాదు. దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి.

ఇంకో చిన్న సెట్టింగ్. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, దాంట్లో స్టార్టప్ అండ్ రికవరీకి పోయి "ఆటోమేటిక్‌గా రీస్టార్ట్" అన్న టిక్ తీసేయండి. అప్పుడు బ్లూ స్క్రీన్ పారిపోకుండ నిలబడుతది, కోడ్ చదువుకోవచ్చు.

ఇగ అసలు పరీక్షలు. కొత్త బిల్డ్‌లో మొట్టమొదలు అనుమానించాల్సింది ర్యామ్. ఎందుకంటే బాక్స్ మీద 6000 అని పెద్దగా రాసి ఉన్న స్పీడు, మామూలుగా బిగిస్తే వచ్చే స్పీడు కాదు. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేస్తేనే వస్తది. అది లెక్కప్రకారం ఓవర్‌క్లాకింగే. ఉదాహరణకు రైజెన్ 7000 ప్రాసెసర్లకు రెండు స్టిక్కులతో ఏఎండీ చెప్పిన అధికారిక స్పీడు 5200. నాలుగు స్టిక్కులు పెడితే 3600కు పడిపోతది. మరి మనమేమో నాలుగు స్లాట్లు ఖాళీగ ఉన్నయి కదా అని నాలుగూ నింపి 6000 పెట్టేస్తం. కొన్ని తట్టుకుంటయి, కొన్ని తట్టుకోవు.

కాబట్టి మొదటి రోజు ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో బంద్ చేసి, ఎప్పటిలెక్కనే వాడండి. మామూలుగా రోజుకోసారి ఆగేది మూడు నాలుగు రోజులు ఆగలేదంటే దొంగ దొరికినట్టే. బయోస్ అప్‌డేట్ చేసినంక మళ్లీ ఆన్ చేసి చూడొచ్చు, లేదా ఒక మెట్టు తక్కువ స్పీడు పెట్టుకోవచ్చు. బంద్ చేసినా ఆగుతుంటే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఫ్రీ వెర్షన్ నాలుగు పాస్‌లు చేస్తది. ఇందులో 35 మార్కులకు పాస్ అనేది లేదు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. ఎర్రర్ వస్తే ఒక్కో స్టిక్కు విడిగ పెట్టి, ఒకే స్లాట్‌లో పరీక్షించండి. ఎర్రర్ స్టిక్కుతో పాటు తిరిగితే స్టిక్కు తప్పు. ఏ స్టిక్కు పెట్టినా ఒక్క స్లాట్‌లోనే వస్తే బోర్డుదో, ప్రాసెసర్ కింది పిన్నులదో తప్పు. రెండు స్టిక్కులు ఉన్నోళ్లు చాలా బోర్డుల్లో ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలె. మీ బోర్డు పుస్తకంలో ఒకసారి చూసుకోండి.

ఒక మాట మర్చిపోవద్దు. డీడీఆర్5 బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ర్యామ్ సెట్టింగ్ మార్చినప్పుడు కొన్ని నిమిషాలు నల్ల స్క్రీన్‌తోనే ఉంటయి. దాన్ని మెమరీ ట్రెయినింగ్ అంటరు. అది క్రాష్ కాదు. మధ్యల కరెంటు తీసేయకండి.

ఇగ ప్రాసెసర్. "కొత్తది కదా, ప్రాసెసర్ ఎట్ల పాడైతది?" అంటరు. ఇంటెల్ 13వ, 14వ జనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ల సంగతి తెలుసుకోవాలె. 2022 చివర్ల, 2023 చివర్ల వచ్చినయి ఇవి. ప్రపంచమంతా గేములు ఆడేటోళ్లకు క్రాష్‌లు మొదలైనయి. విచిత్రమేందంటే, కొన్ని గేములు "వీడియో మెమరీ సరిపోలేదు" అని ఎర్రర్ చూపించేవి. జనం గ్రాఫిక్స్ కార్డును తిట్టుకున్నరు. అసలు తప్పు ప్రాసెసర్‌ది. లోపల అవసరానికి మించి వోల్టేజీ అడుగుతుండడంతో చిప్పు మెల్లమెల్లగ అరిగిపోతున్నదని తేలింది. ఇంటెల్ 2024 ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్, సెప్టెంబర్‌లో 0ఎక్స్12బీ అనేది ఇచ్చింది. బోర్డు కంపెనీల బయోస్ అప్‌డేట్లలో అవి వచ్చినయి. దెబ్బతిన్న రకాలకు వారంటీ రెండేండ్లు పెంచింది. ఈ అప్‌డేట్ ఇకముందు పాడు కాకుండ ఆపుతది గానీ, ఇప్పటికే అరిగిపోయిన చిప్పును బాగు చెయ్యలేదు. ఆ జనరేషన్ ఐ7, ఐ9 సెకండ్ హ్యాండ్‌లో చవకగ వచ్చిందని కొన్నోళ్లు తప్పకుండ బయోస్ చూసుకోండి, బిల్లు దగ్గర పెట్టుకోండి.

బయోస్ అప్‌డేట్ ఎప్పుడు చెయ్యాలె? మబ్బు పట్టి గాలిదుమారం లేచినప్పుడు మాత్రం వద్దు. మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకుండ అయ్యే ప్రమాదముంది. కరెంటు నిలకడగ ఉన్నప్పుడు, యూపీఎస్ మీద చేయండి.

ఇప్పుడు డ్రైవర్లు. హార్డ్‌వేర్ అంతా బాగున్నా ఒక్క డ్రైవర్ మొత్తం మిషన్‌ను పడగొట్టగలదు. 2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒకటి తప్పుగ పోయింది. మైక్రోసాఫ్ట్ లెక్కలో దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లు బ్లూ స్క్రీన్ అయినయి. మన శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చిండ్రు. ఆ 85 లక్షల్లో పార్టు కాలిపోయి ఆగినవి కావవి. కాబట్టి మీరు గ్రాఫిక్స్ డ్రైవర్ గానీ, కీబోర్డు లైట్ల సాఫ్ట్‌వేర్ గానీ, గేముల యాంటీ చీట్ గానీ ఎక్కించినంకనే క్రాష్‌లు మొదలైతే, ముందు దాన్ని తీసేసి చూడండి. మీ నోట్‌లో తారీఖులు ఉంటే ఇది రెండు నిమిషాల పని.

ఇప్పటి దాకా చెప్పినయి ఎక్కడున్నోళ్లకైనా పనికొస్తయి. ఇక్కడి నుంచి మన దిక్కు సంగతులు.

ముందు ఎండ. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో 44 డిగ్రీలు దాటుడు మనకు కొత్త కాదు. ఫ్యాన్ ఎంత పెద్దదైనా, గదిలో ఉన్న గాలినే పార్టుల మీదికి కొడుతది. గది కంటే చల్లగ చెయ్యలేదు. చలికాలం 25 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 75 దగ్గర ఉందనుకోండి, అదే పని 42 డిగ్రీల రేకుల గదిలో చేస్తే 90 దాటుతది. ఈ కాలం ప్రాసెసర్లు 95, 100 దగ్గర తమంతట తామే స్పీడు తగ్గించుకుంటయి, అంత తొందరగ ఆగిపోవు. కానీ పవర్ సప్లైకి, బోర్డు మీదుండే వోల్టేజీ సర్క్యూట్‌కు, గ్రాఫిక్స్ మెమరీకి వేడి బాధ ఉండనే ఉంటది. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ పెట్టి మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, తెల్లారుజామున ఒకసారి చూడండి. మధ్యాహ్నమే ఆగుతుందంటే జవాబు దొరికినట్టే. క్యాబినెట్ వెనకాల జానెడు జాగా వదలండి. కూలర్ కింద అంటించిన ప్లాస్టిక్ కాగితం తీయకుండనే బిగించిండ్రేమో చూడండి. సైడు డోర్ తీసి చూడండి, తేడా వస్తే గాలి ఆడుతలేదని అర్థం. ఇంకోటి, వాటర్ కూలర్ గాలి సూటిగా క్యాబినెట్‌కు తగిలేటట్టు పెట్టకండి. తేమతో పాటు నీటి తుంపర్లు కూడా లోపలికి పోతయి.

ఆ తర్వాత కరెంటు. ఇంట్లో వాడుకునేది 230 వోల్టులు. బోరు మోటర్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఆ ఒక్క క్షణం మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు గుంజుతది. లైటు ఒకసారి డిమ్మై మళ్లీ వెలుగుతది చూడండి, అదే. మంచి పవర్ సప్లైలు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటయి. చవక రకాల మీద 200 నుంచి 240 అనే రాసి ఉంటది. మీదాని లేబుల్ మీద ఏం రాసుందో ఇప్పుడే చూడండి. మోటర్ వేసినప్పుడల్లా పీసీ రీస్టార్ట్ అయితే ర్యామ్ మార్చి లాభం లేదు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వచ్చేటప్పుడే ఆరిపోతుందా? ఇన్వర్టర్ వెనకాల చూడండి, చాలా వాటికి యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉంటది. పవర్ సప్లై తన కెపాసిటర్లలో దాచుకున్న కరెంటుతో నిండు లోడు మీద నిలబడేది 15, 17 మిల్లీసెకన్లు. ఇన్వర్టర్ అంతకంటే ఆలస్యంగ అందుకుంటే పీసీ పోతది. యూపీఎస్ మోడ్‌లో తొందరగ అందుకుంటది. ఫ్యాన్లకు, లైట్లకు ఆ తేడా తెల్వదు, కంప్యూటర్‌కు తెలుస్తది. చిన్న యూపీఎస్ ఉన్నోళ్లు ఇంకో లెక్క చూసుకోవాలె. 600 వీఏ అని రాసున్న వాటిలో చాలావరకు అసలు ఇచ్చేది 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు ఉన్న పీసీ గేమ్ ఆడేటప్పుడు 400 దాటితే, కరెంటు పోయిన మరుక్షణమే యూపీఎస్ చేతులెత్తేస్తది.

చివరిది ఎర్తింగ్. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటుందా? ఎర్త్ లేదన్నట్టు. పవర్ సప్లైలో ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే చిన్న లీకేజీ ఎర్త్ ద్వారా నేలలోకి పోవాలె, దారి లేక క్యాబినెట్ మీదనే ఉంటది. మన దిక్కు నేల రాయి, గట్టు, చల్కలు. రాతి నేల, ఎండిన నేల కరెంటును సరిగ్గా గుంజుకోవు. వానాకాలం బాగున్న ఎర్త్ ఎండాకాలం పనిచెయ్యకపోవచ్చు. అందుకే పెద్దలు ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలం నీళ్లు పోయమనేది. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టినా ఎర్త్ పోయినట్టే. క్రాష్‌లన్నింటికీ ఎర్తింగే కారణమని నేను అంటలేను. కానీ ఇది మీ ప్రాణానికి సంబంధించింది. మీరు మీటర్ పట్టుకొని సాకెట్లో వేళ్లు పెట్టకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఎన్ని వోల్టులు ఉన్నయో చూడమనండి. మొదటిది 230 దగ్గర, రెండోది సున్నాకు దగ్గరగ ఉండాలె. ఊరంతా వోల్టేజీ పడిపోతుంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి.

మీ ఇంటి కరెంటుదా, పీసీదా అని తేల్చుకునే సులువైన ఉపాయం ఒకటుంది. వేరే వీధిలో దోస్తు ఇంటికో, టౌన్‌లో ఉండే చుట్టాల ఇంటికో తీసుకుపోయి రెండు రోజులు వాడండి. అక్కడ కూడా ఆగితే తప్పు క్యాబినెట్ లోపలనే ఉంది. ఆగకపోతే మీ గోడ వైపు చూడండి. వంద కిలోమీటర్లు పోయే ముందు ఇది చేసుడు మంచిది.

పరీక్షలన్నీ అయినంక పార్టుదే తప్పని తేలిందనుకోండి. అప్పుడు షాపుకు ఉత్త చేతులతో పోవద్దు. మెమ్‌టెస్ట్ ఎర్రర్ ఫొటో, వియా ఎర్రర్ ఫొటో, బ్లూ స్క్రీన్ వీడియో, తారీఖుల నోట్, జీఎస్టీ బిల్లు, పార్టు సీరియల్ నంబర్ అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. "ఊకె ఆగుతుందన్నా" అంటే "ఇక్కడ బాగనే ఉంది" అంటరు. "ఈ స్టిక్కు ఒక్కదాన్నే పెడితే మెమ్‌టెస్ట్‌లో ఇన్ని ఎర్రర్లు, ఇంకో స్టిక్కుకు సున్నా" అంటే మాట మారుతది. చాలా కంపెనీలకు హైదరాబాద్‌లో సర్వీస్ సెంటర్లు ఉన్నయి, షాపు వద్దన్నా నేరుగా అక్కడ ఇవ్వొచ్చేమో కంపెనీ సైట్‌లో చూడండి. వారంటీ ఉండి కూడా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఫ్రీ కాల్. కొన్న బాక్సులు మాత్రం వారంటీ అయిపోయేదాకా అటక మీద దాచండి, పాత సామానోళ్లకు వెయ్యకండి.

వీటన్నింటికీ అయ్యే ఖర్చు ఒక పెన్‌డ్రైవ్, కొంచెం ఓపిక. మీలో ఎవరికన్నా ఇప్పుడు క్రాష్‌లు వస్తుంటే, కింద కామెంట్‌లో పార్టుల లిస్టుతో పాటు నాలుగు సంగతులు రాయండి: టైమ్, ఏం నడుస్తుండె, ఎట్ల ఆగింది, ఇంట్లో ఏం జరిగింది. ఆ నాలుగూ ఉంటే నేనే కాదు, చదివే ఇంకొకరు కూడా మీకు దారి చెప్పగలుగుతరు. ఉంట మరి, నమస్తే.